మూడు నిమిషాల గడువు

మేలుకొలుపు 2,907

లింకు మందగించింది. రోజూ నలభై సెకన్లలో అయ్యే పనికి ఈ పొద్దు రెండు నిమిషాల పది సెకన్లు పట్టింది. అయినా ఆరు మంచాల వాళ్ళూ క్షేమంగా లేచారు. అందరూ తమ తమ పేర్లు చెప్పారు. రెండో మంచం వరహాలయ్య తన పేరుతో పాటు తాను కట్టిన పడవల పేర్లు కూడా చెప్పాడు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, ఒక్క పడవనూ మర్చిపోలేదు.

తెట్టంక దీవిలో మరుపు జ్వరం వచ్చి బతికి బయటపడింది ఈ ఆరుగురే. పగలంతా మనలాంటి మనుషులే. నిద్రపోతే మాత్రం మనసు తుడిచిన పలకైపోతుంది. అందుకని పడుకునే ముందు వాళ్ళ ప్రొఫైల్ మొత్తం, అంటే పేరు, ఊరు, అయినవాళ్ళు, నవ్వినవీ ఏడ్చినవీ అన్నీ, చెవి వెనక బిళ్ళలోంచి సముద్రం అడుగు కేబుల్ మీదుగా అవతలి ఒడ్డున కొండమీది సర్వర్‌కు వెళ్తాయి. పొద్దున్నే తిరిగొస్తాయి. వచ్చేదాకా వాళ్ళు కళ్ళు తెరిచి పడుకుని ఉంటారు. ఆ కళ్ళలో మనిషి ఉండడు, భయం ఒక్కటే ఉంటుంది. గుండె పరుగెడుతుంది. ఎక్కువసేపు ఆ స్థితిలో ఉంచకూడదని యంత్రానికి మూడు నిమిషాల గడువు పెట్టారు. ఆలోగా కొండ నుంచి రాకపోతే ఇక ఎదురుచూడదు. ఈ గదిలో పెట్టెలో ఉన్న పాత కాపీని ఎక్కించేస్తుంది.

పెట్టెలో కాపీని ఏడాదికోసారి కొత్తగా తీయాలి. దానికి మనిషి ఆరు గంటలు కదలకుండా పడుకోవాలి. ఐదుగురికి ఏటా తీస్తూనే ఉన్నాను. నాలుగో మంచానికి మాత్రం ఈ గది తెరిచిన కొత్తలో తీసిందే. ఎనిమిదేళ్ళ నాటిది.

నాలుగో మంచం నా భార్య నూకాలుది. ఎప్పుడు అడిగినా, "ఆరు గంటలు తొంగుంటే వల ఎవులు లాగుతారు? నువ్వా?" అనేది. నేనూ నవ్వి ఊరుకునేవాణ్ణి. ఊరందరి పనీ అయ్యాక కదా ఇంటి పని.

మేలుకొలుపు 2,911

రెండు నిమిషాల యాభై.

కొండమీద సర్వర్ చూసే కళావతి నుంచి సందేశం వచ్చింది. ఎనిమిదేళ్ళుగా మేం ఒకరికొకరం రాసుకుంటూనే ఉన్నాం, ముఖాలు చూసుకోలేదు. "కేబుల్ ఎక్కడో బండల మధ్య నలిగింది. మరమ్మతు ఓడ తుపాన్ల కాలం పోయాకే బయల్దేరుతుంది. మూడు నెలలు అనుకో."

వెంటనే నూకాలును పడుకోబెట్టాను. ఈసారి తను మారుమాట్లాడలేదు. నా ముఖం చూసి ఉంటుంది. కానీ కాపీ తీసేటప్పుడు ఒక్కో జ్ఞాపకాన్నీ కొండతో సరిచూసుకుంటూ పోవాలి. మధ్యలో లింకు తెగితే మళ్ళీ మొదటికే. రెండు గంటల దగ్గర తెగింది. మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి గంటకే తెగింది. మూడోసారి పావుగంట కూడా నిలవలేదు.

మా పాప సీతాలు పక్కనే కూర్చుని తల్లి కాలి వేళ్ళతో ఆడుకుంటోంది. దానికి ఆరేళ్ళు. జ్వరం పోయాక పుట్టింది కనక దానికి ఈ బాధ లేదు.

"ఏవయ్యా, ఆ పాత కాపీలో సీతాలు లేదు కదూ?" అని అడిగింది నూకాలు.

"లేదు."

"నువ్వూ లేవు."

"ఉన్నాను. అవతలి ఒడ్డు నుంచి కొత్తగా వచ్చిన మిషన్ బాబుగా ఉన్నాను."

నవ్వింది గానీ, సీతాలును దగ్గరకు లాక్కుని చాలాసేపు వదల్లేదు.

మేలుకొలుపు 2,913

రెండు నిమిషాల యాభై ఎనిమిది సెకన్లు. రేపు మూడు దాటుతుంది.

సాయంత్రం గడువును పది నిమిషాలకు మార్చాను. ఈ గడువు మనిషికి కాదు, యంత్రానికి. ఆరు మంచాలకూ ఒకటే యంత్రం, ఆరుగురూ ఒకేసారి లేస్తారు. ఒక్కరి కోసం మార్చే వీలుంటే అలాగే చేసేవాణ్ణి. మిగిలిన ఐదుగురికీ పాత కాపీ వచ్చినా పెద్ద నష్టం లేదు, కొద్ది నెలల తేడా అంతే. పది నిమిషాల ఎదురుచూపు అవసరం నాలుగో మంచానికే.

కారణం అని ఉన్న గడిలో 'లింకు మందగమనం' అని రాశాను. ఎవరికీ చెప్పలేదు.

మేలుకొలుపు 2,915

ఐదు నిమిషాల ఐదు. నూకాలు లేచి నన్ను పేరు పెట్టి పిలిచింది. నాకదే చాలనిపించింది.

వరహాలయ్య ఒళ్ళంతా చెమట. పేరు చెప్పాడు. పడవల పేర్లు సగం దగ్గర ఆపేశాడు. "ఆయాసంగా ఉందిరా భానోజీ," అన్నాడు. ఆయన భార్య అచ్చియ్యమ్మ పిన్ని అంబలి తాగించి ఇంటికి తీసుకెళ్ళింది.

మేలుకొలుపు 2,917

ఎనిమిది నిమిషాల నలభై సెకన్లు.

ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ఆరో నిమిషంలో వరహాలయ్య చేతులు కొట్టుకోవడం మొదలుపెట్టాయి. గోడ మీద ఎర్ర మీట ఉంది. అది నొక్కితే ఎదురుచూపు ఆగిపోయి అందరికీ పాత కాపీ ఎక్కుతుంది. నా చెయ్యి మీట మీదే ఉంది. నాలుగో మంచం వైపు చూశాను. నూకాలు కళ్ళు పైకప్పుకేసి ఉన్నాయి. ఇంకో రెండు నిమిషాలే కదా అనుకున్నాను.

నొక్కలేదు.

ఎనిమిదో నిమిషానికి ఆయన చేతులు కదలడం మానేశాయి. కాసేపటికి నూకాలు లేచింది. నూకాలుగానే లేచింది. పక్కకు తిరిగి ముందుగా ఆయన్నే చూసింది.

"ఏవయ్యా, వరహాలు మావని సూడు. మావ సూపు అదోలాగుందేటి?"

మేలుకొలుపు 2,918

పొద్దున్న యంత్రం పదో నిమిషం దాకా వెళ్ళింది. మిగిలిన ఐదుగురూ లేచారు. ఒక మంచం ఖాళీగా ఉంది.

కళావతికి మొత్తం రాసి పంపాను. తర్వాత అచ్చియ్యమ్మ పిన్ని గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాను. ముసలితనం, గుండె ఆగింది అని అందరూ అనుకుంటున్నారు. గడువు సంగతి చెప్పాను. మీట సంగతి కూడా చెప్పాను.

పిన్ని తలుపు రెక్క పట్టుకుంది.

"నీ పెళ్ళాం కోసవా?"

"అవును పిన్నీ."

"ఆడు నాకు పెనివిటి కాడేటిరా?"

తలుపు వేసుకుంది. నేను తిన్నగా గదికి వచ్చి గడువును మూడు నిమిషాలకు దించాను. సాయంత్రం నూకాలుకు చెప్పాను. తను సీతాలుకు రెండు జడలు వేసి, తలలో పేలు చూసి, ఉతికిన గౌను తొడిగింది. మంచం ఎక్కేముందు నా చెయ్యి పట్టుకుని, "ముందే దించాల్సింది, భానోజీ," అంది. అంతే అంది.

మేలుకొలుపు 2,919

మూడు నిమిషాలు కాగానే పెట్టె చప్పుడు చేసింది. నూకాలు లేచి కూర్చుంది. గది నలువైపులా చూసి, నా దగ్గర ఆగింది.

"మిషన్ బావూ, నీ తలేటి రాత్తిరికి రాత్తిరే నెరిసిపోనాది?"

అప్రయత్నంగా తల తడుముకున్నాను.

"సింహాద్రేడి? పొద్దుటికల్లా వస్తానన్నాడు. ఏటకెల్లినోడు రాలేదా?"

సింహాద్రి ఆమె మొదటి భర్త. ఆ కాపీ తీసిన రెండు నెలలకు వేటకు వెళ్ళి తిరిగిరాలేదు. పడవ చెక్క కూడా దొరకలేదు. అతను పోయిన ఏడాదికి మేం పెళ్ళి చేసుకున్నాం. ఆమెతో సింహాద్రి పోయిన మాటే చెప్పాను, పెళ్ళి మాట చెప్పలేదు. నేల మీద కూలబడి ఏడ్చింది. సీతాలు ఎప్పట్లాగే అంబలి గ్లాసు పట్టుకుని లోపలికి వచ్చింది.

"ఈ గుంట ఎవులిది?" అంది కళ్ళు తుడుచుకుంటూ.

సీతాలు గ్లాసు నాకిచ్చి వెళ్ళిపోయింది.

మేలుకొలుపు 2,925

లింకు పూర్తిగా చచ్చిపోయింది. లింకు లేనప్పుడు ఆ రోజు జ్ఞాపకాలు సాయంత్రం పెట్టెలోకి ఎక్కుతాయి; మిగిలిన నలుగురివీ అలాగే ఎక్కుతున్నాయి. కేబుల్ బాగుపడ్డాక అవి కొండమీది వాటితో కలిసిపోతాయి, ఇబ్బంది లేదు. నూకాలు జ్ఞాపకాలను మాత్రం పెట్టె తీసుకోవడం లేదు. ఎనిమిదేళ్ళ తేడా ఉన్న రెండు ప్రొఫైళ్ళు కలవవు. 'ఇదే అసలు మనిషి' అని నేను ముద్ర వేస్తే తీసుకుంటుంది. అలా వేస్తే, లింకు వచ్చిన రోజున రెండింటిలో ఒకదాన్ని చెరిపెయ్యాలి. ఒక మనిషికి రెండు ప్రొఫైళ్ళు ఉండరాదని చట్టం.

ముద్ర వెయ్యలేదు. నా భార్య కొండమీద భద్రంగా ఉంది. మూడు నెలలు ఓర్చుకుంటే వస్తుంది.

ప్రతి పొద్దూ సింహాద్రి చావు చెబుతున్నాను. ప్రతి పొద్దూ ఆమెకది కొత్త కబురే. ఏడు రోజుల్లో మాటలు మార్చి మార్చి చూశాను. మెత్తగా చెప్పినా అంతే, సూటిగా చెప్పినా అంతే.

మేలుకొలుపు 2,931

"నాన్నా, రోజూ ఎందుకు సెప్తావు? అమ్మ ఏడుస్తాది కదా," అంది సీతాలు నిన్న.

అందుకని ఈ పొద్దు అబద్ధం చెప్పాను. "సింహాద్రి వేటకెళ్ళాడు. రెండ్రోజుల్లో వస్తాడు," అన్నాను. నూకాలు ముఖం వెలిగింది. నడుముకు కొంగు బిగించి ఒడ్డుకు వెళ్ళింది. పొద్దు వాలేదాకా అక్కడే కూర్చుంది. సీతాలు కొంచెం దూరంలో కూర్చుని గవ్వలేరుకుంది. నూకాలు ఒకసారి దాన్ని పిలిచి, "మీ అమ్మ ఎతుక్కోదేటే? ఇంటికెల్లు," అని చెప్పిందట.

మేలుకొలుపు 2,940

అబద్ధం పది రోజులు నిలిచింది.

ఈరోజు మధ్యాహ్నం అచ్చియ్యమ్మ పిన్ని ఒడ్డుకు వెళ్ళి నూకాలు పక్కన కూర్చుంది. వరహాలయ్య పోయిన తర్వాత పిన్ని ఇల్లు దాటడం ఇదే మొదలు. "ఎవురి కోసవే సూస్తన్నావు? ఆడు పోయి ఎనిమిదేళ్ళయింది. మొన్న నా ముసలోడూ పోనాడు. రా, ఇద్దరం కలిసి ఏడుద్దాం," అందట.

సాయంత్రం నూకాలు నా దగ్గరికి వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. గొంతు మాత్రం నిలకడగా ఉంది.

"నాకెన్నిపాల్లు సెప్పినావు?"

"పన్నెండు. తర్వాత పది రోజులు అబద్ధం చెప్పాను."

"పన్నెండుపాల్లు సచ్చిపోనాడన్నమాట ఆడు." పొత్తికడుపు మీద చెయ్యి వేసుకుంది. "సానం సేసినప్పుడు సూసుకున్నాను. ఇక్కడ పెద్ద గాటుంది. ఆ గుంట నాదేనా?"

"నీదే. పేరు సీతాలు. ఆపరేషన్ చేసి తీశారు."

"తండ్రి?"

నేను తల దించుకున్నాను. ఆమెకు అర్థమైంది. కోప్పడలేదు, సిగ్గుపడలేదు. తెలియని ఊళ్ళో దారి అడిగి తెలుసుకున్న మనిషిలా తల ఊపింది.

"బావూ, రేపు లెగిసినాక నాకిది గురుతుండాల. ఏడుపు కూడా గురుతుండాల. రోజూ మొదట్నించి ఏడిస్తే ఆ ఏడుపెప్పటికి అయిపోతాది? ఆ గుంట రోజూ గలాసట్టుకుని వచ్చి నా మొకం సూసి ఎల్లిపోతందట. నీ మిషన్‌కి సెప్పలేవా?"

"చెప్పగలను."

ముద్ర వేశాను. కొండమీద ఇంకో నూకాలు ఉందని చెప్పాను. లింకు వచ్చిన రోజున ఇద్దరిలో ఒక్కరే మిగలాలన్న మాట మాత్రం చెప్పలేదు. ఆ రోజున ఎవరిని ఉంచుకోవాలో నేను అప్పటికే తేల్చుకున్నాను. ఈ ముద్ర మూడు నెలల సర్దుబాటు, అంతే.

మేలుకొలుపు 2,941

కళ్ళు తెరిచి, నేను నోరు తెరిచేలోపే చెయ్యెత్తింది.

"ఈ పొద్దు సెప్పక్కర్లేదు. గురుతుంది."

సీతాలు గుమ్మం బయటే నిలబడి ఉంది. "సీతాలూ, తే," అంది నూకాలు. పిల్ల గ్లాసు పట్టుకుని పరుగెత్తుకొచ్చి సగం ఒలకబోసింది.

మేలుకొలుపు 2,968

సీతాలుకు జడలు ఎలా వెయ్యాలో సీతాలే నేర్పింది. ఏది తింటుందో, ఏది తినదో, చీకట్లో దేనికి భయపడుతుందో అన్నీ పిల్ల చెబుతుంది, తల్లి వింటుంది. మొదట్లో అతిథి పిల్లను చూసుకున్నట్టు చూసేది. మొన్న సీతాలు రాళ్ళ మీద జారి మోకాలు కొట్టుకుంటే ఈమె వేసిన కేక విని నేను గదిలోంచి పరుగెత్తాను. అది అతిథి కోసం వేసే కేక కాదు.

సింహాద్రికి నలభై రోజుల మైల పడుతోంది. అచ్చియ్యమ్మ పిన్నితో కలిసి వరహాలయ్యకు కూడా దీపం పెట్టి వస్తోంది.

నన్ను 'బావూ' అనే పిలుస్తుంది. మర్యాదగా ఉంటుంది. ఒకే ఇంట్లో తింటాం. గిన్నెలు కడిగేటప్పుడు వెనక నుంచి చూస్తే నా భార్యే. ఇటు తిరిగితే కాదు. రోజుకు ఎన్నిసార్లు పోగొట్టుకుంటున్నానో లెక్కపెట్టడం మానేశాను. కొండమీద ఉన్న మనిషికి చెప్పాల్సిన మాటలు మాత్రం మనసులో దాచుకుంటున్నాను.

మేలుకొలుపు 3,009

ఓడ వచ్చింది. కేబుల్ అతికింది. ముప్ఫై ఒక్క సెకన్లు.

ఓడలో కొత్త మనిషి కూడా వచ్చాడు. వరహాలయ్య గురించి నేను రాసింది కొండమీద చదివారు. రేపటి తర్వాత ఈ యంత్రం మీద నా చెయ్యి పడకూడదని ఉత్తర్వు. దీవిలో ఉండనిస్తారు, అదే పదివేలు.

కళావతి సందేశం: "నాలుగో మంచానికి రెండున్నాయి. ఏది ఉంచాలో రేపు పొద్దుగూకేలోగా చెప్పు. చెప్పకపోతే నిబంధన ప్రకారం కొండమీదిదే నిలుస్తుంది, అక్కడిది చెరిగిపోతుంది."

అంటే నేనేమీ చెయ్యక్కర్లేదు. నోరు మూసుకుని కూర్చుంటే చాలు, ఎల్లుండి పొద్దున్న నా భార్య నన్ను పేరు పెట్టి పిలుస్తుంది. ఈ మూడు నెలలూ ఎదురుచూసింది దానికోసమే.

సాయంత్రం నూకాలుకు అంతా చెప్పాను. ముద్ర వేసిన రోజు దాచిన మాట కూడా చెప్పాను. చేపల బుట్ట అల్లుతోంది. అల్లిక ఆపలేదు.

"అయితే నాను అరువు మనిషినన్నమాట."

"నువ్వే చెప్పు, ఏం చెయ్యమంటావు?"

"నన్నడక్కు బావూ." అప్పుడు ఆపింది. "నన్నడిగితే బతకాలనే అంటాను. ఎవులైనా అదే అంటారు. ఆవిణ్ణడిగినా అదే అంటాది. ఆవిడ ఇక్కడ లేదు కదాని నన్నొక్కదాన్నే అడగడం నేయం కాదు."

మేలుకొలుపు 3,010

రోజంతా ఒడ్డున తిరిగాను. మధ్యాహ్నం వాళ్ళిద్దరూ నీళ్ళలోకి దిగారు. సీతాలు ఈత నేర్చుకుంటోంది. కొండమీది నూకాలు దాన్ని మోకాలి లోతు దాటి వెళ్ళనిచ్చేది కాదు. ఈమె సింహాద్రిని తీసుకుపోయిన నీళ్ళలోనే బిడ్డను రెండు చేతుల మీదా తేలుస్తోంది. "ఒగ్గీనా? ఒగ్గీమంటావా?" అని అరుస్తోంది. సీతాలు "ఒగ్గొద్దు, ఒగ్గొద్దు" అని కేరింతలు కొడుతోంది.

నా చెయ్యి ఒకసారి మీట మీద ఊరికే ఉండిపోయింది. ఏమీ చెయ్యకుండా ఉండడం కూడా చెయ్యడమేనని అప్పుడు తెలియలేదు. ఇప్పుడు తెలుసు. నాకు కావలసిన మనిషి కోసం, ఎదురుగా ఊపిరి పీలుస్తున్న ఇంకో మనిషిని పోనివ్వడం ఒకసారి చేశాను. రెండోసారి నా వల్ల కాలేదు.

పొద్దుగూకే ముందు కళావతికి రాశాను: "ఇక్కడిదే ఉంచు."

చాలాసేపటికి జవాబు వచ్చింది. "చెరిపేశాను భానోజీ. పెళ్ళిరోజు, పాప పుట్టినరోజు, అన్నీ పేర్లతో కనబడ్డాయి. తెరవలేదు. తల వంచుకుని చెరిపేశాను."

యంత్రం కొత్త మనిషికి అప్పగించాను. మొదటి పనిగా నాలుగో మంచానికి కాపీ తీయమని అడిగాను. తీస్తానన్నాడు.

మేలుకొలుపు 3,020

ఈ పుస్తకంలో రాసే హక్కు నాకు లేదు. కొత్త మనిషి మంచివాడు, ఈ ఒక్క పేజీ రాసుకోనిచ్చాడు.

ఆ మర్నాడు నూకాలు లేవగానే తన చేతులు చూసుకుంది. "నన్నుంచీసినావా?" అంది. తల ఊపాను. సంతోషిస్తుందనుకున్నాను. మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చింది. తర్వాత, "ఆవిడకి కర్మ సెయ్యాల," అంది. "ఎనిమిదేళ్ళు బతికిన మనిషి. దిక్కులేనిదానిలాగ ఒగ్గీకూడదు."

ఈరోజు పదకొండో రోజు. వంట తనే చేసింది. ఆవిడకేం ఇష్టమని నన్నడిగింది. కాకరకాయ వేపుడన్నాను. సీతాలు కడుపులో ఉన్నప్పుడు పట్టుకున్న రుచి, తర్వాత వదల్లేదు. నూకాలుకు కాకరకాయ వాసన పడదు. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వేయించింది.

ముగ్గురం ఒడ్డుకు వెళ్ళాం. అచ్చియ్యమ్మ పిన్ని కూడా వచ్చింది. నాతో మాట్లాడలేదు, నూకాలు పక్కన నిలబడింది. నేను ఆకు మీద పిండం పెట్టి నీళ్ళు వదిలాను.

"ఇదెవులికమ్మా?" అంది సీతాలు.

"మీ అమ్మకి."

"నువ్వే కదా మా అమ్మ?"

నూకాలు వంగి ఆకును అలకు అందేలా ముందుకు జరిపింది.

"నానే. నాకు ముందు నిన్ను సాకినావిడ ఇంకొకావిడుంది. దండవెట్టు."

సీతాలు చేతులు జోడించింది. నూకాలు కూడా జోడించింది. అల వచ్చి ఆకును తీసుకుపోయింది. నా పక్కనుంచి నూకాలు గొంతు చాలా మెల్లగా వినిపించింది.

"ఆవిడ నిన్నేటని పిలిచేది?"

చెప్పడానికి ప్రయత్నించాను. అలల వైపు తిరిగాను. ఆమె మళ్ళీ అడగలేదు. నా చేతిలోంచి ఖాళీ చెంబు తీసుకుని, పిల్లను నడిపించుకుంటూ ముందు వెళ్ళింది.